పాత బండి అప్పుడప్పుడూ హీట్ ఎక్కుతుంటే కారణం పట్టుకోవడం ఎలా

రోజూ హీట్ ఎక్కే బండిని బాగుచేయడం పెద్ద పని కాదు. షెడ్డులో స్టార్ట్ చేసి పెడితే కాసేపట్లో తప్పు దానంతటదే బయటపడుతుంది. కష్టమంతా ఎప్పుడో ఒకసారి ఎక్కి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఏమీ ఎరగనట్టు చల్లగా ఉండే బండితోనే. ఇలాంటి బండికి మామూలుగా జరిగేది ఒకటే వరస. ముందు రేడియేటర్ కడుగుతారు, తర్వాత థర్మోస్టాట్ (వేడినిబట్టి నీళ్ళను రేడియేటర్‌కి వదిలే వాల్వ్) పీకేస్తారు, తర్వాత వాటర్ పంప్ మారుస్తారు, చివరికి హెడ్ (ఇంజిన్ పై భాగం) విప్పుతారు. డబ్బు పోతుంది, హీట్ మాత్రం పోదు.

మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్, ఇండికా, సుమో, పాత బొలెరో, కమాండర్ జీపు, ఏదైనా సరే, పానా చేతబట్టే ముందు తేల్చుకోవలసింది బండి ఎప్పుడు హీట్ ఎక్కుతోంది అన్నదే. ఆ 'ఎప్పుడు' సరిగ్గా తెలిస్తే సగం అనుమానాలు అక్కడే కొట్టేయవచ్చు.

ముందు కాగితం, తర్వాత పానా

డాష్‌బోర్డు అరలో ఒక చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకోండి. టెంపరేచర్ మీటర్ ముల్లు మామూలు స్థానం దాటిన ప్రతిసారీ ఇవి రాయండి: బండి ఎంత వేగంలో ఉంది, ఎత్తు ఎక్కుతోందా, ఎంత బరువుంది, ఏసీ వేసి ఉందా, ముల్లు మెల్లగా ఎక్కిందా లేక ఒక్కసారిగా గెంతిందా, ఆ సమయంలో ఫ్యాన్ తిరుగుతోందా, ఏం చేస్తే దిగింది. చల్లారాక నీళ్ళు పోయాల్సి వస్తే లీటర్ బాటిల్‌తో కొలిచి, ఎంత పట్టిందో రాయండి. "కొంచెం పోశాను" అనే మాటతో ఎవరూ ఏమీ తేల్చలేరు. నెలలో మూడుసార్లు, ప్రతిసారీ అర లీటర్ పట్టిందంటే అది లీకు కథ. చుక్క కూడా తగ్గకుండా హీట్ ఎక్కుతోందంటే అది వేరే కథ.

ఇప్పుడు రాసినదాన్ని ఇలా చదవండి. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనో, కడప ఏడు రోడ్ల దగ్గరో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఎక్కి, ఊరు దాటి వేగం అందుకోగానే దిగితే రేడియేటర్ గుండా గాలి సరిపోవడం లేదు. ఫ్యాన్‌ని అనుమానించండి. అదే ఊళ్ళో బాగుండి, 44వ నంబర్ జాతీయ రహదారి మీద 80 దాటాకో, కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడో ఎక్కితే, గాలి ఉంది గానీ నీళ్ళు చాలినంత తిరగడం లేదు, లేదా రేడియేటర్ లోపల పూడుకుపోయింది. ఉదయం స్టార్ట్ చేసిన కాసేపటికి ముల్లు పైకి ఎగిసి, మళ్ళీ దానంతటదే మామూలుకి వస్తే థర్మోస్టాట్ అతుక్కుంటోంది, లేదా లోపల గాలి బుడగ నిలిచింది. ఘాట్ ఎక్కి కోవా అంగళ్ళ దగ్గర ఇంజిన్ ఆపిన నిమిషంలో బుసబుసమని నీళ్ళు పొంగితే మొదటి అనుమానం రేడియేటర్ మూత మీద. ఆపిన తర్వాత నీళ్ళు తిరగవు కాబట్టి ఇంజిన్‌లోని వేడి నీళ్ళలోకి దిగి ముల్లు కాస్త పైకి రావడం మామూలే. పొంగి బయటికి పోవడం మాత్రం మామూలు కాదు.

ముల్లు ఒక్క క్షణంలో మధ్య నుంచి హెచ్ (మీటర్ మీద వేడి గీత) మీదికి గెంతితే అది వేడి కాదు, వైరింగ్. నాలుగైదు లీటర్ల నీళ్ళు ఒక్క క్షణంలో ముప్ఫై డిగ్రీలు పెరగవు.

ఏ లెక్కకూ అందకుండా ఎక్కుతూ, నీళ్ళు మాత్రం తగ్గుతూ ఉంటే లీకో, హెడ్ గ్యాస్కెటో (హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే పలక) అయి ఉంటుంది. దాని సంగతి చివర్లో.

నిజంగానే వేడెక్కుతోందా

ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనుక్కోండి. తుపాకీలా పట్టుకుని చూసే చౌకరకం చాలు. ఒక చిక్కుంది: మెరిసే అల్యూమినియం, ఇత్తడి మీద అది అసలుకన్నా చాలా తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద, రేడియేటర్ పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద రూపాయి బిళ్ళంత నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, ఎప్పుడూ దాని మీదే చూడండి. వేడెక్కిన ఇంజిన్‌లో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర 85 నుంచి 95 దాకా ఉంటే చాలా బండ్లకు అది ఆరోగ్యమే. మే నెల మధ్యాహ్నం ఏసీతో ట్రాఫిక్‌లో 100 దాకా రావచ్చు. ముల్లు హెచ్ దగ్గర, థర్మామీటర్ 88 దగ్గర ఉంటే ఇంజిన్ జోలికి వెళ్ళకండి.

అప్పుడు సెండర్ (ఇంజిన్ వేడిని పసిగట్టి మీటర్‌కి తెలిపేది) వైర్ చూడండి. చాలా పాత బండ్లలో సెండర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. అందువల్ల ఆ వైర్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ముల్లు నేరుగా హెచ్‌కి పోతుంది, తెగిపోతే చల్లగా చూపిస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి సెండర్ వైర్ ఊడదీస్తే ముల్లు కిందికి పడాలి. ఆ వైర్ కొసను ఒకటి రెండు సెకన్లు మాత్రమే బాడీకి తాకిస్తే పైకి పోవాలి. ఎక్కువసేపు పెడితే మీటర్ కాలుతుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే ముల్లు కదులుతుంటే ఎర్త్ బోల్టు (ఎర్త్ వైర్‌ను బాడీకి బిగించేది) తుప్పు పట్టింది. విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. టెంపరేచర్ ముల్లుతోపాటు పెట్రోల్ ముల్లు కూడా ఒకేసారి ఎక్కుతుంటే, పాత మీటర్ల వెనక ఉండే వోల్టేజ్ స్టెబిలైజర్ పోయినట్టు. ట్యాంకులో పెట్రోల్ దానంతటది పెరగదు కదా.

దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకొకటుంది. నీళ్ళు బాగా తగ్గిపోతే సెండర్ నీళ్ళలో కాక ఆవిరిలో ఉంటుంది. ఆవిరి దానికి వేడిని సరిగ్గా అందించదు. అందుకే హీట్ ఎక్కుతున్న బండిలో ముల్లు హఠాత్తుగా కిందికి పడితే సంతోషించకండి, వెంటనే ఆపండి.

నీళ్ళు, మూత

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత విప్పొద్దు. కనీసం ముప్పావు గంట ఆగండి. ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వచ్చే పై హోస్ (రబ్బరు గొట్టం) నొక్కి చూడండి, గట్టిగా ఉంటే లోపల ప్రెషర్ ఇంకా ఉన్నట్టే. మెత్తబడ్డాక మందపాటి గుడ్డ వేసి, మొదటి గాటు వరకే తిప్పి, శబ్దం ఆగాక పూర్తిగా తీయండి. లోపల 100 దాటిన నీళ్ళు మూత తీసిన క్షణమే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి.

పూర్తిగా చల్లారిన ఉదయం పూట మూత తీసి చూడండి. నీళ్ళు మెడ దాకా నిండుగా ఉండాలి. పక్కన నీళ్ళు నిలవ ఉండే ప్లాస్టిక్ సీసా నిండుగా ఉండి, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గి ఉన్నాయంటే ముందు మూతనే అనుమానించాలి. మూతలో రెండు వాల్వులుంటాయి. పెద్దది ప్రెషర్ నిలుపుతుంది, మధ్యలో ఉండే చిన్నది ఇంజిన్ చల్లారేటప్పుడు సీసాలోని నీళ్ళను వెనక్కి పీల్చుకోనిస్తుంది. చిన్న వాల్వ్ అతుక్కుంటే నీళ్ళు వెనక్కి రావు, చల్లారిన బండిలో పై హోస్ చప్పగా అణిగి కనిపిస్తుంది. పెద్ద వాల్వ్ స్ప్రింగ్ అలసిపోతే ప్రెషర్ నిలవదు. మూత మీద 0.9 అని ఉంటే అది 0.9 బార్ అన్నమాట. ఆ ప్రెషర్‌లో మామూలు నీళ్ళు 100కి బదులు దాదాపు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ప్రెషర్ నిలవకపోతే ఆ మార్జిన్ అంతా పోయి, 43 డిగ్రీల ఎండలో ఘాట్ మీద మరగడానికి పెద్ద సమయం పట్టదు.

మూత రబ్బరు పగిలిందా, గట్టిపడిందా, చిన్న వాల్వ్‌ను గోటితో లాగితే వచ్చి మళ్ళీ మూసుకుంటోందా చూడండి. రేడియేటర్ మెడ లోపల మూత కూర్చునే అంచు మీద సొట్టగానీ తుప్పుగానీ ఉంటే కొత్త మూత కూడా లీకే. అయిదారేళ్ళ మూతను పరీక్షించుకుంటూ కూర్చోవడం కన్నా మార్చడమే మేలు. కొనేటప్పుడు పాత మూత మీది అంకె చూసి అదే కొనండి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే మంచిదని కొందరు అంటారు. పాత రేడియేటర్ అతుకులూ, హీటర్ హోసులూ ఆ ప్రెషర్‌కి తట్టుకోవు.

సీసాకి వెళ్ళే సన్న పైపు కూడా చూడండి. అది పగిలినా, దాని కొస సీసా అడుగుదాకా దిగకపోయినా నీళ్ళకు బదులు గాలి పీల్చుకుంటుంది. కొత్త పైపు చాలా చవక. అయినా షెడ్డులో దాన్ని చూసేవాళ్ళు తక్కువ.

ఊళ్ళో ఎక్కితే: ఫ్యాన్

కరెంట్ ఫ్యాన్ ఉన్న బండి అయితే ఏసీ ఆపి, బండి నిలబెట్టి, ఇంజిన్ నడుపుతూ ఫ్యాన్ ఎప్పుడు మొదలవుతుందో చూడండి. చాలా బండ్లలో 90కీ 100కీ మధ్య మొదలై, అయిదారు డిగ్రీలు దిగాక ఆగుతుంది. మొదలు కాకపోతే థర్మో స్విచ్ (నీళ్ళు వేడెక్కితే ఫ్యాన్‌ని ఆన్ చేసేది) కనెక్టర్ తీసి, అందులోని రెండు పిన్నులను చిన్న వైర్ ముక్కతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది, లేదా స్విచ్ దగ్గరికి వేడి నీళ్ళే రావడం లేదు. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటార్ వరసగా చూడండి.

అప్పుడప్పుడూ వచ్చే హీట్‌కి అసలు దొంగ ఎక్కువసార్లు ఫ్యాన్ మోటార్‌లోనే ఉంటాడు. బ్రష్‌లు అరిగిన మోటార్ చాలాసార్లు బాగానే తిరుగుతుంది. కరెంట్ అందుకోవడానికి బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ మీద ఒక్క చోట బ్రష్ సరిగ్గా ఆనదు. ఫ్యాన్ ఆగేటప్పుడు ఖర్మకాలి ఆ చోటే ఆగితే, మళ్ళీ కరెంట్ వచ్చినా కదలదు. గుంతలో పడి బండి కాస్త అదిరినా, ఎవరైనా చేత్తో రెక్కను తిప్పినా మళ్ళీ మామూలే. అందుకే షెడ్డులో ఎప్పుడు చూసినా ఫ్యాన్ బాగున్నట్టే ఉంటుంది. బండి హీట్ ఎక్కి, ఫ్యాన్ తిరగకుండా ఉన్న సమయంలోనే పరీక్షించాలి. ఇంజిన్ నడుస్తుండగా స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక భాగం మీద చిన్నగా కొట్టండి, వేళ్ళు రెక్కలకు దూరంగా ఉంచండి. తట్టగానే లేచి తిరిగితే మోటార్ విప్పి బ్రష్‌లు మార్చాలి, లేదా మోటారే మార్చాలి.

తట్టినా కదలకపోతే మల్టీమీటర్ తీయండి. ఫ్యాన్ ఆన్‌లో ఉండగా ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ ఫ్యాన్ ప్లస్ పిన్ను మీద పెట్టండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో కరెంట్ తినేస్తోంది. ఫ్యూజ్ హోల్డర్ గోధుమరంగుకు మాడిందా, రిలే కాళ్ళు నల్లబడ్డాయా చూడండి. అలాగే ఫ్యాన్ మైనస్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. అక్కడ ఎక్కువుంటే ఎర్త్ బోల్టు. తక్కువ వోల్టేజీలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం చాలదు. కంటికి ఫ్యాన్ బాగున్నట్టు కనిపించే తప్పుల్లో ఇది మొదటిది.

రెండోది ఫ్యాన్ ఎదురు తిరగడం. మోటార్ మార్చినప్పుడు వైర్లు అటూ ఇటూ అయితే ఫ్యాన్ గాలిని ముందుకు తోస్తుంది. వేగం పెరిగితే ఎదురుగాలి దాన్ని కొట్టేస్తుంది కాబట్టి ఊళ్ళోనే తెలుస్తుంది. రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ అయితే, అది తిరుగుతుండగా ఒక న్యూస్‌పేపర్ ముక్క రేడియేటర్ ముందువైపు పెట్టండి. అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు మార్చండి. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ తొడుగు పగిలి, దాన్ని తీసి పక్కన పడేసిన బండ్లు మన వైపు చాలా కనిపిస్తాయి. ఆ తొడుగు లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మొత్తం మీద కాక తన ఎదురుగా ఉన్న వృత్తం మీదే గాలి లాగుతుంది. మళ్ళీ బిగించండి.

బెల్టుతో తిరిగే ఫ్యాన్ అయితే ముందు బెల్టు చూడండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 12 మి.మీ. దిగాలి. లోపలి పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది జారుతోంది, బిగించినా జారుతుంది, మార్చండి. విస్కస్ ఫ్యాన్ (లోపలి చిక్కటి నూనె పట్టుతో తిరిగేది) ఉంటే, వేడెక్కిన ఇంజిన్‌ను ఆపేసి, తాళం చెవి జేబులో వేసుకుని, గుడ్డ చుట్టిన చేత్తో ఫ్యాన్ తిప్పండి. బరువుగా కదిలి, వదలగానే ఆగాలి. గిర్రున రెండు మూడు చుట్లు తిరిగితే అందులోని సిలికాన్ ఆయిల్ పోయింది. ముందు భాగంలో స్ప్రింగ్ దగ్గర నూనె మరకతో దుమ్ము పట్టి ఉండటం కూడా అదే చెబుతుంది.

రోడ్డు మీద, ఘాట్ మీద ఎక్కితే

మన జిల్లాల్లో రేడియేటర్‌కి బయటి శత్రువులు ఎక్కువ. ఆదోని చుట్టుపక్కల పత్తి పింజ, అనంతపురం పల్లెల్లో శెనక్కాయ నూర్పిళ్ళ పొట్టు, తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి పొడి. రాతిపొడికి ఇంజిన్ నూనె తడి తోడైతే ఫిన్నుల (రేడియేటర్ మీది సన్న రేకుల) మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. ఏసీ బండ్లలో కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ముందు, రేడియేటర్ వెనక. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. మురికంతా ఆ రెంటి మధ్య సందులో ఉంటుంది. టార్చి పెట్టి పై నుంచి ఆ సందులోకి చూడండి. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి ముందుకు కడగాలి. సబ్బునీళ్ళు చల్లి పావుగంట నానబెట్టి మామూలు పైపుతో కడిగితే చాలు. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెడితే ఫిన్నులు మడతబడి, కడగక ముందుకన్నా అధ్వాన్నం అవుతుంది.

లోపలి పూడిక బోరు నీళ్ళ పుణ్యం. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ ట్యూబుల్లోనూ, ఇంజిన్ బ్లాకు లోపలా కడుతుంది. వేడెక్కిన రేడియేటర్ ముఖం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వరసగా చూసుకుంటూ పోండి. పై నుంచి కిందికి, లేదా అడ్డంగా నీళ్ళు పారే రేడియేటర్‌లో ఈ పక్క నుంచి ఆ పక్కకు, వేడి మెల్లగా తగ్గాలి. చుట్టూ 80 ఉండి మధ్యలో ఒక పట్టీ 50 దగ్గర ఉంటే అక్కడి ట్యూబులు మూసుకుపోయాయి. ఇత్తడి రేడియేటర్ అయితే రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, ట్యూబుల్లో సన్నని బద్ద దూర్చి శుభ్రం చేసి, మళ్ళీ అతుకు వేస్తారు. ఆ పని మంచిదే. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకు రకానికి అది కుదరదు. దానిలో యాసిడ్‌గానీ కాస్టిక్ సోడాగానీ పోయనివ్వకండి, లోహాన్నే తినేస్తాయి. మార్చేయడమే.

లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు వేయడం మన దగ్గర పాత అలవాటు. దారిలో చిక్కుకుని ఊరు చేరాలంటే సరే. తర్వాత దాన్ని పూర్తిగా కడగకపోతే చిల్లును మూసిన పసుపే మంచి ట్యూబులనూ మూస్తుంది.

కింది హోస్ మీద దృష్టి పెట్టండి. పంపు నీళ్ళను పీల్చుకునేది దాన్నుంచే. లోపల స్ప్రింగ్ ఉండే హోసుల్లో ఆ స్ప్రింగ్ తుప్పు పట్టి విరిగినా, రబ్బరు మెత్తబడినా, ఇంజిన్ వేగం పెరిగినప్పుడు హోస్ లోపలికి పీల్చుకుపోయి నీళ్ళ దారి మూసుకుంటుంది. ఆపి చూస్తే మామూలుగా ఉంటుంది. వేడి ఇంజిన్‌ను 3,000 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం ఉంచమని ఒకరికి చెప్పి, మీరు కింది హోస్‌నే చూస్తూ ఉండండి. నడుము దగ్గర చప్పబడితే దొరికినట్టే. హైవే మీద మాత్రమే వచ్చే హీట్‌లో దీన్ని చూడకుండా పంప్ విప్పకండి.

వాటర్ పంప్ కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కూలెంట్ (నీళ్ళలో కలిపే రంగు ద్రవం) ఎండిన మరక కనిపిస్తే సీల్ పోయింది. పుల్లీని పట్టుకుని ఊపితే కదలిక ఉంటే బేరింగ్ పోయింది. ఈ రెండూ లేకపోయినా లోపల నీళ్ళను తోసే ఇంపెల్లర్ రెక్కలు తుప్పుతో అరిగిపోయి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉత్త నీళ్ళతో నడిచిన బండ్లలో ఇది మామూలు.

పై ట్యాంకుకీ కింది ట్యాంకుకీ మధ్య వేడి తేడా ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇంజిన్ బాగా వేడిగా ఉండి తేడా 30 డిగ్రీలు, ఆపైన ఉంటే నీళ్ళు నత్తనడక నడుస్తున్నాయి: పంప్, థర్మోస్టాట్, కింది హోస్, పూడిక. తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి, గాలే వేడిని తీసుకుపోవడం లేదు: ఫ్యాన్, ఫిన్నులు.

థర్మోస్టాట్ పీకేయకండి

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసేద్దాం" అనే మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. ఒప్పుకోకండి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి కింద ఇంకొక బిళ్ళ ఉంటుంది. అది రేడియేటర్ దారి తెరుచుకునేటప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండానే ఇంజిన్‌లోకి తిరిగివస్తుంది. ఊళ్ళో చల్లగా, ఘాట్ మీద వేడిగా ఉండే బండ్లలో కొన్నిటికి రోగం ఈ పీకేయడమే. పైగా చలికాలం ఉదయాల్లో ఇంజిన్ చాలాసేపు చల్లగా నడిచి, పెట్రోలో డీజిలో ఎక్కువ తాగి, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

పరీక్ష వంటింట్లోనే చేయవచ్చు. థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో కొట్టి ఉంటుంది. వాల్వ్‌ను కొంచెం తెరిచి అందులో దారం ఇరికించి, గిన్నెకు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి, పక్కన థర్మామీటర్ పెట్టండి. వేడి చేస్తూ పోతే, వాల్వ్ తెరుచుకున్న క్షణంలో దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. ఆ అంకెకు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే మంచిదే. నీళ్ళు మరిగేటప్పటికి వాల్వ్ దాదాపు 8 మి.మీ. తెరుచుకోవాలి. ఇది ఒకసారి చేసి వదలొద్దు. అప్పుడప్పుడూ అతుక్కునే థర్మోస్టాట్ ఒకసారి పాసవుతుంది. చల్లార్చి, మళ్ళీ మళ్ళీ నాలుగైదుసార్లు చేయండి. బిగించేటప్పుడు స్ప్రింగ్ ఇంజిన్ వైపు ఉండాలి. చిన్న గాలి రంధ్రమో, అందులో ఊగే పిన్నో ఉంటే అది పైకి ఉండాలి.

నీళ్ళ తప్పు కానివి

హైవే మీద హీట్‌తోపాటు మైలేజీ కూడా పడిపోతే బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడండి. ఇరవై కిలోమీటర్లు నడిపి, బ్రేక్ తక్కువగా వాడి ఆపి, నాలుగు చక్రాల డ్రమ్ములూ డిస్కులూ థర్మామీటర్‌తో కొలవండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడే ఇంజిన్ కష్టమంతా పోతోంది. పెట్రోల్ బండిలో టైమింగ్ వెనకబడినా, గ్యాస్ కిట్ మిక్స్చర్ పలచబడినా ఇంజిన్ వేడెక్కుతుంది. క్లచ్ జారినా అంతే.

హెడ్ గ్యాస్కెట్

దీన్ని అన్నిటికన్నా చివర అనుమానించాలి, కానీ అనుమానిస్తే బాగా పరీక్షించాలి. రాత్రంతా చల్లారిన బండి మూత తీసి, ప్రెషర్ లేదని చూసి, మూత మళ్ళీ బిగించి స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తోంది. మరో రోజు చల్లగా ఉండగా మూత తీసే స్టార్ట్ చేసి మెడలోకి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగితే అది మిగిలిన గాలి. యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ వరసగా వస్తూనే ఉంటే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. నీళ్ళు వేడెక్కకముందే ఇంజిన్ ఆపి మూత పెట్టేయండి. బ్లాక్ టెస్టర్ ఉన్న షెడ్డు దొరికితే ఇంకా మంచిది. అందులోని నీలిరంగు ద్రవం ఎగ్జాస్ట్ గ్యాస్ తగిలితే పసుపు వైపు తిరుగుతుంది.

ఆయిల్ డిప్‌స్టిక్ మీద కాఫీ రంగు నురగ, పొద్దున తొలి స్టార్ట్‌లో ఆగకుండా తెల్ల పొగ, బయట తడి లేకుండా నీళ్ళు తగ్గడం, ఇవన్నీ దాని గుర్తులే. ఏదీ లేకపోయినా గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. సన్నని పగులు బరువు మీద, ఎత్తు మీద మాత్రమే తెరుచుకుంటుంది. అందుకే ప్రెషర్ టెస్టర్‌తో మూత మీది అంకె వరకు గాలి కొట్టి పదిహేను నిమిషాలు వదిలి చూడాలి. టెస్టర్ ముల్లు పడి, ఎక్కడా చుక్క కారకపోతే స్పార్క్ ప్లగ్గులు విప్పండి. ఒక సిలిండర్ ప్లగ్గు మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే నీళ్ళు పోతున్నది అందులోకే.

హెడ్ విప్పితే స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి వంపు కొలవకుండా కొత్త గ్యాస్కెట్ వేయనివ్వకండి. చిన్న ఇంజిన్ల అల్యూమినియం హెడ్లకు చాలా మాన్యువళ్ళు ఒప్పుకునేది 0.05 మి.మీ. దాటితే లేత్ షాపులో ఫేస్ కొట్టించాలి, అంటే చదును చేయించాలి.

నింపడం, గాలి తీయడం, రోడ్డు పరీక్ష

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్, రెండు వంతుల నీళ్ళైనా సరిపోతుంది. తుప్పు ఆపడానికి ఆ మాత్రం ఉండాలి. చిక్కటి కూలెంట్ ఒక్కటే పోస్తే మంచిదనుకోవద్దు. అందులోని గ్లైకాల్ నీళ్ళకన్నా తక్కువ వేడిని మోస్తుంది. ఆకుపచ్చ కూలెంట్‌లో ఎర్రది కలపొద్దు. మార్చాలంటే పాతది పూర్తిగా కడగండి. 'రెడీ టు యూజ్' అని ఉన్న డబ్బాలో నీళ్ళు ముందే కలిసి ఉంటాయి, మళ్ళీ కలపొద్దు.

బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. హీటర్ ఉంటే మీటను వేడి వైపు పూర్తిగా తిప్పండి. మెల్లగా, సన్నధారగా పోయండి. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగలు ఆగి ధార వచ్చేదాకా తెరిచి ఉంచండి. మూత లేకుండా స్టార్ట్ చేసి, హోసులు చేత్తో నొక్కి వదులుతూ, థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కేదాకా నడపండి. మట్టం పడుతుంటే పోస్తూ ఉండండి. మెడ దాకా నిండాక మూత బిగించి, సీసాలో గరిష్ఠ గీత దాకా పోయండి. ఎంత పట్టిందో కొలవండి. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా లీటర్ తక్కువ పట్టిందంటే లోపల గాలి ఇంకా ఉంది.

తర్వాత బండిని ఏ తీరులో ఎక్కుతుందో ఆ తీరులోనే పరీక్షించాలి. ఊళ్ళో ఎక్కే బండి అయితే మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసి, నిలబెట్టి ఇరవై నిమిషాలు. ఘాట్‌లో ఎక్కే బండి అయితే మామూలుగా వేసే బరువుతోనే ఘాట్. దారిలో మళ్ళీ ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి బ్లోయర్ ఫుల్లుగా పెట్టండి, కొంత వేడి అటు పోతుంది. పక్కకు తీసి ఆపాక ఆవిరి రాకపోతే, బెల్టు బాగుంటే ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఆవిరి వస్తుంటే వెంటనే ఆపేయండి. కాలుతున్న ఇంజిన్ మీద గానీ, లోపల గానీ చన్నీళ్ళు పోయొద్దు, హెడ్ పగులుతుంది.

సీసా మీద మట్టం దగ్గర నల్ల టేప్ అంటించి, రెండు వారాలపాటు ప్రతి ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగా చూసి పుస్తకంలో రాయండి. మొదటి రెండు మూడు రోజులు మిగిలిన గాలి బయటికి పోతూ వేలెడు తగ్గవచ్చు, అంతవరకు పోసి ఊరుకోండి. నాలుగో రోజు తర్వాత కూడా టేప్ కిందికి దిగుతూనే ఉంటే ప్రెషర్ టెస్టర్‌తో మళ్ళీ మొదలుపెట్టాలి.